చలిమొక్క ఓబయ్య

ఓబయ్యన్న మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంచితనం ఎంతదో నాకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు.

మా ఇద్దరిదీ కడప జిల్లానే. రెండు వేల ఎనిమిదిలో గల్ఫ్‌లో, అజైబా అనే చోట, ఒక విదేశీ ముసలావిడ ఇంట్లో నాది వంట, ఆయనది తోటపని. ఊళ్లో వేరుశనగ వేసి, తుప్పు తెగులుకు రెండుసార్లు పంట పోగొట్టుకుని వచ్చాడు. ఆకు అడుగున గోధుమరంగు పొడి కనబడితే చాలు, ముఖం మాడిపోయేది. ఇంగ్లీషు ముక్క రాదు. మేడం మాట ఆయనకూ, ఆయన మాట మేడంకూ నేనే చెప్పాలి.

మేడం గదిలో గాజుపెట్టెలో ఒక ఫెర్న్ ఉండేది. వాళ్ల దేశంలో మంచు కురిసే కొండల మీది మొక్క. చనిపోయిన భర్త తెచ్చి పెట్టాడట. ఓబయ్యన్న దాన్ని చలిమొక్క అనేవాడు. దానికోసం ఏసీ ఆపేవాళ్లే కాదు. కరెంటు పోతే ఈయన ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి పెట్టె చుట్టూ పేర్చేవాడు. ఇంత చేసినా నానాటికీ చిక్కిపోయి నాలుగు ఆకులే మిగిలాయి.

మేడం నెల రోజులకు తన దేశం వెళుతూ నన్ను పిలిచింది.

"ఆకుల కింద గోధుమరంగు పొడి వస్తుంది. అదే దీని విత్తనం. నేనొచ్చి చల్లుకుంటాను, ముట్టుకోవద్దని ఓబయ్యకు చెప్పు," అంది.

పువ్వే పుయ్యని మొక్కకు విత్తనమేమిటి, ముసలామె చాదస్తం కాకపోతే అనుకున్నాను. చెప్పలేదు.

పొడి వచ్చింది. ఆయన నాలుగు ఆకులూ కోసి, తోట మూలకు తీసుకెళ్లి కాల్చేశాడు. పది రోజులకు దుంప కూడా కుళ్లిపోయింది.

మేడం తిరిగొచ్చి ఖాళీ పెట్టె ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత ఇద్దరినీ పిలిపించి, "ఎందుకిలా చేశాడో అడుగు," అంది నాతో.

ఓబయ్యన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తుప్పు తెగులనుకున్యా మా. ఇత్తనమని నాకెవురూ చెప్పల్యా. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

ఉన్నదున్నట్టు చెబితే నా ఉద్యోగం పోతుంది.

"మీరు చెప్పమన్నది చెప్పాను మేడం. మరిచిపోయాడట," అన్నాను. నా బతుకులో ఇంతకంటే పాడుపని చెయ్యలేదు.

మేడం ఆయన వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఆ వారమే వీసా క్యాన్సిల్ కొట్టించింది.

ఎయిర్‌పోర్టుకు బయలుదేరేముందు ఓబయ్యన్న వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు.

"ఆయమ్మ ఒక్క మాట అనకుండా పంపిచ్చాంది. నువ్వు నా తరపున చెప్పబట్టే జైనబీ. ఈ మేలు మర్సిపోను," అన్నాడు.