ఆదివారం నాలుగింటికి గేటు తీసే మనిషి

పైసా ఖర్చు లేకుండా ఆదివారం సాయంత్రం ఎక్కడికెళ్ళాలి అని మా వీధిలో ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మాది పట్నమూ కాదు, పల్లే కాదు. బస్సు ఆఖరి స్టాపులో దిగి ఇంకో పావుగంట నడిస్తే మా వీధి. ఇటు చూస్తే కొత్త అపార్టుమెంట్లు, అటు చూస్తే కూరగాయల మళ్ళు, మధ్యలో మేము. సినిమాకెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. పార్కుకెళ్దామంటే టిక్కెట్టు, లోపలికెళ్ళాక ఉయ్యాలకి ఇంకో టిక్కెట్టు.

టీచరుగా రిటైరయ్యాక నాకు ఒక్క పూట ఇంట్లో కాలు నిలిస్తే ఒట్టు. చుట్టుపక్కలంతా తిరిగి ఒక లిస్టు తయారుచేశాను. స్టేషన్ దగ్గర ఫుట్ బ్రిడ్జి ఎక్కితే గూడ్సు బండి కాళ్ళ కింద నుంచి పోతుంది, పిల్లలు పెట్టెలు లెక్కపెడుతూ కేకలేస్తారు. మొక్కల నర్సరీలో ఏమీ కొనకపోయినా తిట్టరు, పైగా ఏ మొక్క ఎందుకు ఎండిపోతోందో చెప్తారు. ఇటుకల బట్టీ వెనక దిబ్బ మీద కూర్చుంటే గాలి బ్రహ్మాండంగా ఉంటుంది. వీధిలో ఆడవాళ్ళని, పిల్లల్ని పోగేసుకుని వారానికో చోటికి బయల్దేరేదాన్ని.

"మీ ఆవిడకి పెన్షన్ ఇచ్చేది ఊరు తిరగడానికా?" అని ఎదురింటాయన మావారిని అడిగాడట.

"పెన్షన్ సంగతి గవర్నమెంటుని అడగండి. ఆదివారం పూట ఆవిడ ఇంట్లో లేకపోవడం మాత్రం నా బోనస్" అన్నారట ఈయన.

ఈ లిస్టులో అన్నిటికన్నా పైన ఉండేది ఫిల్టర్ హౌస్. మా చుట్టుపక్కల కుళాయిలన్నిటికీ నీళ్ళు అక్కడినుంచే వస్తాయి. నది నుంచి వచ్చిన బురద నీళ్ళు ముందు గుండ్రటి సిమెంటు మెట్ల మీదుగా జారతాయి. నీళ్ళకి గాలి తగలాలని అలా కట్టారు. చూసేవాళ్ళకి మాత్రం అది చిన్న జలపాతమే! చుట్టూ పచ్చగడ్డి, అంచున పూల మొక్కలు. మెట్ల పక్కన నిలబడితే మొహం మీద తుంపర పడుతుంది. ఎండాకాలంలో ఆ తుంపర కోసం ఎంత దూరమైనా నడవొచ్చు.

ఆ గేటు తీసే మనిషిని అందరూ వాల్వు బాబాయి అనేవాళ్ళు. ఆయన నాకన్నా నాలుగేళ్ళు చిన్న, అయినా నేనూ బాబాయి అనే పిలిచేదాన్ని. సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు వాల్వు చక్రాలు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికన్నా లావెక్కింది. "నాకు చొక్కా కుట్టాలంటే మా ఆవిడ రెండు కొలతలు తీసుకోవాలండీ" అని నవ్వేవాడు. ఆయన భార్య నిజంగానే టైలరు. ఫిల్టర్ హౌస్ కాంపౌండులోనే వాళ్ళకి రెండు గదుల క్వార్టర్. ముందు గదిలో కిటికీ కింద మిషను. మా వీధి జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగా వచ్చినవే.

బాబాయికి చిన్నప్పుడే తల్లి పోయింది. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. పైపుల కోసం గోతులు తవ్వే కూలీగా డిపార్టుమెంటులో చేరాడు. పర్మనెంట్ అయ్యేసరికి జుట్టు సగం నెరిసిపోయింది. అలాంటి మనిషి పంపు చప్పుడు విని ఎక్కడ గ్రీజు తగ్గిందో చెప్పేవాడు. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, క్లోరిన్ సరిపోయిందో లేదో తెలియడానికి రెండు చుక్కలు మందు వేసి, లేత పసుపు రంగు వచ్చిందా లేదా అని ఎండకెత్తి చూపించేవాడు. "ఈ రంగు వస్తేనే మీ ఇంటికి పంపిస్తాను. రాకపోతే నేను తాగను, మిమ్మల్ని తాగనివ్వను" అనేవాడు. ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పాను కదా, నీళ్ళ మీద అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

గేటు తీయడం ఎలా మొదలైందో ఆయనే చెప్పాడు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం, ఏడుస్తున్న పిల్లని చంకనేసుకుని ఒకామె కంచె బయట నిలబడిందట. "ఒక్కసారి దగ్గర్నుంచి చూపించి పోతాను బాబూ" అందట. లోపలికి రానిచ్చాడు. నీళ్ళు చూడగానే ఆ పిల్ల ఏడుపు ఆపేసి నోరు తెరిచిందట. అప్పటినుంచి ప్రతి ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా గేటు తీసేవాడు. చెప్పులు బయట విప్పాలి, మెట్ల చుట్టూ కట్టిన తాడు దాటకూడదు, ఏమీ తినకూడదు. అప్పటి ఇంజనీరు ఒకసారి చూసి, "నేను చూడలేదు, నువ్వు చెప్పలేదు" అని జీపెక్కి వెళ్ళిపోయాడట. పర్మిషన్ అంటే అదే. పద్దెనిమిదేళ్ళు ఆ ఒక్క మాట మీదే నడిచింది. కాగితం లేదు, సంతకం లేదు.

అక్కడే నా బుర్రలో పురుగు తొలిచింది. ఇంత మంచి పని చేస్తూ ఎవరికీ తెలియకపోవడమేంటి?

"బాబాయ్, మెయిన్ రోడ్డు మీద ఒక బోర్డు పెడదాం. అందరూ వస్తారు" అన్నాను.

"వద్దు టీచరమ్మగారూ. తెలిసినవాళ్ళు వస్తున్నారు, చాలు. బోర్డు ఉంటే ఎవరు పెట్టారంటారు, ఎందుకు పెట్టారంటారు."

"మంచి పనికి భయమెందుకు?"

"భయం కాదండీ. రాయకపోతే ఎవరికీ తప్పు కాదు" అన్నాడు.

రెండోసారి అడిగినప్పుడు కూడా వద్దనే అన్నాడు. అయినా నేను వింటేనా! ఒక పాత తలుపు చెక్కకి తెల్లరంగు వేసి, నీలం పెయింటుతో రాశాను: "నీళ్ళ మెట్లు చూడండి. ప్రతి ఆదివారం 4 నుంచి 6 వరకు. ప్రవేశం ఉచితం. అందరికీ స్వాగతం." పక్కన ఒక చేప బొమ్మ కూడా వేశాను. ఫిల్టర్ హౌస్‌లో చేపలెక్కడివి, చెప్పండి? ఒక గురువారం మధ్యాహ్నం వీధంతా పడుకున్న వేళ, మావారి చేత మోయించి, మెయిన్ రోడ్డు పక్క కంచెకి తీగతో కట్టించాను. ఎవరికీ చెప్పలేదు. "ఎంత ముద్దుగా రాశారో, ఎవరు రాశారో" అని వీధిలో అనుకుంటుంటే, కొన్నాళ్ళు పోయాక తీరిగ్గా నేనేనని చెప్దామని నా సరదా.

బాబాయి ఆ బోర్డు చూశాడు, నన్ను చూశాడు. తీసేస్తే నేను చిన్నబుచ్చుకుంటానని ఊరుకున్నాడని తర్వాత తెలిసింది.

జనం వచ్చారు. మొదటి వారం యాభై మంది, మూడో వారం లెక్కలేదు. అపార్టుమెంట్ల వాళ్ళు కార్లలో వచ్చారు. తాడు దగ్గర బాబాయి ఒక్కడే రెండు చేతులూ చాచి, "అమ్మా వెనక్కి, బాబూ వెనక్కి" అంటూ అటూ ఇటూ పరుగులు. ఓ ఆదివారం మడ్డి దిగే పెద్ద తొట్టిలో ఒక చెప్పు తేలింది. ఎవరిదో తెలీదు. ఎవరో దాన్ని ఫోటో తీశారు, బోర్డునీ తీశారు, "మనం తాగే నీళ్ళు ఇవే" అని ఫోన్ల గ్రూపుల్లో పెట్టేశారు.

తర్వాతి ఆదివారం సరిగ్గా ఐదింటికి కొత్త ఇంజనీరు వచ్చాడు. వయసులో చిన్నవాడే. మా ఆడవాళ్ళు పదమూడు మందిమి మెట్ల పక్కనే నిలబడి ఉన్నాం. బోర్డుని కంచె నుంచి విప్పించి గడ్డి మీద పడేయించాడు.

"ఎవరు పెట్టారిది?"

బాబాయి చేతులు కట్టుకున్నాడు. "నేనేనండి."

"రాసిందెవరు?"

"నేనే."

"నువ్వెంతవరకు చదివావు?"

"నాలుగో తరగతండి."

"నాలుగో తరగతికి ఇంత గుండ్రటి అక్షరాలా? చేప కూడానా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి తల దించుకుని, "నిదానంగా రాస్తే వస్తుందండి" అన్నాడు.

నేను ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచి "నేనండీ" అంటే అయిపోయేది. తెరవలేదు. క్లాసులో తప్పు చేసి పక్కవాడి వెనక దాక్కున్న పిల్లల్ని ఎంతమందిని చెవి పట్టుకుని ముందుకి లాగానో లెక్కలేదు. ఆ రోజు ఏం చేశానో తెలుసా? వంగి, లేని ముల్లు ఒకటి కాల్లోంచి తీసుకుంటున్నట్టు నటించాను. ఇంజనీరు ఇక గేటు తీయకూడదని చెప్పి, కాగితం రాసుకుని, బాబాయి చేత సంతకం పెట్టించుకుని వెళ్ళేదాకా ఆ ముల్లు నా కాల్లోంచి రానేలేదు.

తిరిగొస్తూ దారిలో మాతో వచ్చిన పాలావిడ అంది: "ఇన్నేళ్ళు గుట్టుగా నడుపుకున్నాడు. ఈ వయసులో ఈయనకీ బోర్డు పిచ్చి ఏంటమ్మా? మన పిల్లల నోట మట్టి కొట్టాడు." అందరూ అవునన్నారు. నేను కూడా తలూపాను. ఈ తలూపడం ఉంది చూశారూ, నోరు మూసుకోవడం కన్నా దీన్నే నేను ఎక్కువగా మర్చిపోలేకపోతున్నాను.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. దేనికైనా ఏదో ఒక జోకు వేసే మనిషి. ఆయన జోకు వెయ్యలేదు. "నువ్వేం మాట్లాడలేదా?" అన్నారు అంతే. నేను గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయాను. కడగాల్సిన గిన్నెలేం లేవు.

పది రోజులకి తెలిసింది, బాబాయికి బదిలీ. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఒక చిన్న పంపు గది. అక్కడ తొట్టి లేదు, మెట్లు లేవు, గడ్డి లేదు, మోటారు ఆన్ చెయ్యడం, ఆపడమే పని. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. రిటైర్ కావడానికి ఇంకో పధ్నాలుగు నెలలే ఉంది. ఆ పధ్నాలుగు నెలలూ ఆ నీళ్ళ దగ్గరే గడిపి వెళ్ళాలని ఆయన కోరిక.

అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. బోర్డు పెట్టింది నేను, రాసింది నేను, ఆయన వద్దన్నా పెట్టాను అని రెండు పేజీల ఉత్తరం రాసి సంతకం పెట్టి, ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళే ముందు వాళ్ళ క్వార్టర్‌కి తీసుకెళ్ళాను. బాబాయి భార్య కుట్టు మిషనుకి దుప్పటి చుట్టి తాడు కడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"రా టీచరమ్మా. ఆ రోజు నోరేమైంది? ఎప్పుడూ ఆగదుగా అది" అంది.

"ఊరుకోవే" అన్నాడు బాబాయి లోపల్నుంచి.

"ఊరుకునే కదా ఇల్లు సర్దుకుంటున్నాం!"

నేను ఉత్తరం ఇచ్చాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి, వేలు పెట్టుకుని, ఒక్కో మాటే చదివాడు. చాలాసేపు పట్టింది. చదివి మడిచి నాకే ఇచ్చేశాడు.

"బాగా రాశారండీ. కానీ ఇవ్వకండి."

"ఎందుకు బాబాయ్? ఇస్తే నీ తప్పు లేదని తెలుస్తుంది కదా?"

"విచారణ కాగితంలో నేనే పెట్టానని సంతకం చేశాను. ఇప్పుడు మీరు ఇది ఇస్తే, ఆఫీసరు ముందు అబద్ధం చెప్పానని ఇంకో కేసు. ఈ రెండోది పెన్షన్ దాకా వెళ్తుంది. ఆ రోజు అక్కడే చెప్పి ఉంటే వేరు."

ఆయన నన్ను తప్పుపట్టి అనలేదు. పంపు గురించి చెప్పినట్టే చెప్పాడు, ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, ఆలస్యమైతే ఏమవుతుందో అన్నట్టు.

"మరి నా పేరు నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"అంతమంది ఆడవాళ్ళు మీ చుట్టూ ఉన్నారు. టీచరు మీరు. ఎలా చెప్తానండీ? అయినా బోర్డు లేకపోయినా గేటు తీసేది నేనే కదా."

ఉత్తరం చింపమన్నాడు. చింపాను. ముక్కలు కూడా తన దగ్గరే ఉంచేసుకున్నాడు, నా మీద నమ్మకం లేక కాబోలు. ఉండాలని నేనూ అనను.

ఆ పధ్నాలుగు నెలలూ రోజుకి నాలుగు బస్సులు ఎక్కి దిగాడు. మొన్న నెలాఖరుకి రిటైరయ్యాడు, పెన్షన్ కాగితాలు చేతికొచ్చాయి. ఇక ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. బస్టాండు అవతల అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళాను. "ఇప్పుడైనా ఇదంతా రాయనా?" అని అడిగాను. ఆయన "మీ ఇష్టం" అన్నాడు. భార్య మాత్రం దారం కొరుకుతూ అంది: "రాయి. కానీ పుస్తకంలో దాచుకోడానికి రాయకు. మీ వీధి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చదువు. ఏడాది పైన అయింది, ఒక్కరూ మా గడప తొక్కలేదు. నా చేతి జాకెట్లు వేసుకునే వాళ్ళు!"

పోయిన ఆదివారం ఫుట్ బ్రిడ్జి మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి, ఇక్కడి దాకా చదివాను. చదవడం అయ్యేసరికి కింద ఒక బండి వచ్చి ఆగింది కానీ, పిల్లలు తప్ప ఎవరూ అటు చూడలేదు.

పాలావిడే ముందు మాట్లాడింది. "ఇన్నాళ్ళూ మేము ఆయన్నే తిట్టాం కదండీ. మీరు పక్కనే ఉండి వింటూనే ఉన్నారు కదా?"

"విన్నాను."

"మీరూ అవునన్నారు."

"అన్నాను."

ఆవిడ లేచి చీర దులుపుకుంది. "ఇల్లెక్కడ వాళ్ళది?" అని అడిగింది. బస్టాండు అవతల, రెండో సందు, పచ్చ గేటు అని చెప్పాను. ఒక్కొక్కరే లేచారు. పిల్లల్ని పిలుచుకుని మెట్లు దిగి అటు నడిచారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత నేనూ మెట్లు దిగి వాళ్ళ వెనకాలే నడిచాను, వాళ్ళ మాటలు వినపడనంత దూరంలో.