యాది అనే వ్యాధి

నా చిన్నప్పుడు జరిగిన దేన్నీ జరిగినంతే చెప్పిన పాపాన పోలేదు నేను. మా పెరట్లో దూరిన జెర్రిపోతు నా నోట్లో పడితే కొండచిలువ అవుతుంది. ఈ సంగతినీ అలాగే పెంచుతాను, ముందే ఒప్పుకుంటున్నాను. కోపాన్ని మాత్రం పెంచడం లేదు. అది అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

మా తాత బయ్యారం అవతల ఒక పల్లెలో చర్చి పాస్టరు. చదివింది నైజాం కాలపు ఉర్దూ బడిలో మూడేళ్ళు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకున్నాడు. అయినా ముప్పై ఏళ్ళలో ఆయన పూడ్చినవాళ్ళందరూ ఒకేసారి లేచి నిలబడితే బయ్యారం నుంచి మానుకోట స్టేషను దాకా వరుస కడతారు. ఆయన పెళ్ళి చేసిన జంటలు కొట్లాడుకుంటే ఆ చప్పుడు ఖమ్మం దాకా వినిపిస్తుంది. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మా తాతను పిలిచేవాళ్ళు, తర్వాతే దవాఖాన.

ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలంతా బడులు విడిచి రోడ్డెక్కిన అరవై తొమ్మిదో సంవత్సరం అది. అప్పుడే పై నుంచి ఒక కబురు వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో మూడు రోజుల సంఘ నాయకత్వ సదస్సు పెడుతున్నారట. ప్రతి పాస్టరూ వచ్చి, వేదిక మీద అయిదు నిమిషాలు మాట్లాడి, సదస్సు నడిపే పెద్ద అయ్యగారి చేత మెప్పు పొంది, కాగితం తెచ్చుకోవాలట. కాగితం లేనివాడి సంఘాన్ని పంటలు ఇంటికి చేరగానే కొత్త పాస్టరుకు అప్పగిస్తారట. బడి ఎలాగూ లేదు కనుక తాత నన్నూ వెంట తీసుకుపోయాడు. ఉతికిన ధోవతి, సంచిలో జొన్నరొట్టెలు, ముప్పై ఏళ్ళ సంఘం. ఇదీ ఆయన పట్టుకుపోయిన సామాను.

ఆ పందిరి ఎంత పెద్దదంటే దాని నీడకు ఘన్‌పూర్ కోళ్ళు పొద్దుగూకిందనుకొని గూళ్ళలో దూరాయి. మైకు ఒకసారి కీచుమంటే చిట్యాల దాకా బర్రెలు పాలివ్వడం మానేశాయి. పెద్ద అయ్యగారు కోస్తా నుంచి వచ్చాడు. మడత నలగని తెల్లటి అంగీ, నేతిలో వేయించినట్టుండే తెలుగు. నాయకుడికి ఉండవలసిన గుణాలను వరుసగా చెబుతూ పోయాడు. చేతి వేళ్ళు అయిపోయి కాలి వేళ్ళ మీద లెక్కపెట్టాను, అవీ చాల్లేదు.

మధ్యాహ్నం మా తాత వంతు వచ్చింది. రొట్టె విరిచే ఆచారం గురించి మాట్లాడాడు.

“యేసయ్య పోయేముందు రొట్టె చేతికిచ్చి ఏమన్నడు? నన్ను యాదిల పెట్టుకోన్రి అన్నడు. మన తాన ఇల్లు లేదు, భూమి లేదు. ఆ యాది ఒక్కటుంది.”

పెద్ద అయ్యగారు కుర్చీలోంచే చెయ్యెత్తి ఆపాడు. “ఏమన్నారండీ? వ్యాధా? ప్రభువు వెళ్తూ వెళ్తూ మీకు వ్యాధి ఇచ్చి వెళ్ళాడా?”

“వ్యాధి గాదు అయ్యగారు, యాది. యాది అంటె గుర్తు.”

ఆయన మైకు తన వైపు లాక్కున్నాడు. “సోదరులారా, ఈ పెద్దాయనకు ముప్పై ఏళ్ళుగా దేవుని వ్యాధి ఉందట. ఎవరైనా మంచి డాక్టరుకు చూపించండి.”

పందిరి కూలిందనుకున్నాను. నవ్వు అది. నవ్వినవాళ్ళలో కోస్తావాళ్ళు ఇద్దరే. మిగిలిన వందమందీ ఇళ్ళల్లో పొద్దున లేస్తే యాది అనేవాళ్ళే, యాది మరిచిన అనేవాళ్ళే. తమ నోట్లో మాటను చూసి తామే నవ్వారు. నా కోపంలో పెద్ద వాటా వాళ్ళది. ఆ పందిరిలో నవ్వనివాళ్ళం ఇద్దరమే, మా తాత, నేను.

“ముందు తెలుగు నేర్చుకు రండి పెద్దాయనా,” అన్నాడు పెద్ద అయ్యగారు. “కాగితం ఎక్కడికీ పోదు, నా సంచిలోనే ఉంటుంది.”

మర్నాడు జనం పట్టాల మీద కూర్చున్నారు. రైళ్ళు ఆగాయి, బస్సులు ఆగాయి. రావలసిన రెండో ఉపన్యాసకుడు రాలేదు. తిరుగు బండి సంగతి కనుక్కుందామని పెద్ద అయ్యగారు స్టేషనుకు పోయాడు. వేదిక ఖాళీ. పాస్టర్లంతా వంటలు చేసేచోట చేరి ఉల్లిగడ్డలు ఒలుస్తున్నారు. ఎవరూ మా తాత కళ్ళలోకి చూడటం లేదు. అందరి కళ్ళల్లో నీళ్ళున్నాయిగానీ అవి ఉల్లిగడ్డల పుణ్యం.

తాత కూడా ఒక గడ్డ తీసుకొని కూర్చున్నాడు. “తెల్సింది చెప్పుడు నిన్న చాన అయింది,” అన్నాడు. “ఇయ్యాల మనం తప్పింది చెప్పుకుందాం. ఒక్కొక్కరు చేసిన తప్పు ఒక్కటి. ఎవలు ముందు?”

చిట్యాల వైపు పాస్టరు చేతిలో గడ్డ పక్కన పెట్టాడు. సమాధి దగ్గర ప్రార్థనలో చచ్చిపోయినాయన పేరు బదులు, పక్కనే నిలబడ్డ తమ్ముడి పేరు చెప్పి, వాణ్ణి పరలోకానికి అప్పజెప్పాడట. “అప్పటిసంది వాడు నాకు ఎదురొస్తె సందుల పడి పోతడు. ఇప్పుడు కాయిదం మీద పేరు రాసుకోనిది ఇంట్లకెళ్ళి బయటికి ఎల్లుతలేను.” ఇద్దరు ముగ్గురు వెంటనే, మేమూ ఇక రాసుకుంటాం అన్నారు.

తర్వాత తండా పాస్టరు. లంబాడీ మనిషి, వేదిక దిగాక ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. తండాలో ఒక తల్లికి బిడ్డ పోతే, పుస్తకాల తెలుగులో గంటసేపు ప్రార్థన చేశాడట. అంతా అయ్యాక ఆమె తమ మాటలో అడిగిందట, అన్నా, ఇంతసేపు ఎవరిని తిట్టినవు అని. “నేను మాలెస్స చెప్పిన, మస్తు మంచిగ చెప్పిన అనుకుంటున్న,” అన్నాడాయన. “ఆమెకు ఒక్క ముక్క సమజ్ గాలె. అప్పటిసంది మా తండాల మాట్లాడే గోర్ మాటలనే ప్రార్థన చేస్తున్న. పెద్దోళ్ళకు తెలిస్తె కాయిదం ఇయ్యరని ఎవలికి చెప్పలె.”

ఈసారి కళ్ళల్లో నీళ్ళు ఉల్లిగడ్డలవి కావు. మూడు రోజుల సదస్సులో పాస్టర్లు ఏదైనా నేర్చుకున్నారంటే ఆ పొయ్యిల దగ్గరే నేర్చుకున్నారు, ఒకరి దగ్గర ఒకరు.

బండి దొరక్క పెద్ద అయ్యగారు తిరిగొచ్చి అక్కడే నిలబడిపోయాడు. మా తాత జరిగి, చాప మీద చోటిచ్చాడు. “కూసోన్రి అయ్యగారు. మీది గూడ ఒకటి చెప్పున్రి.” అందులో ఎగతాళి లేదు. నేనైతే ఉల్లిగడ్డ విసిరేవాణ్ణి.

“నేను నేర్పడానికి వచ్చానండీ,” అని ఆయన గదిలోకి పోయాడు.

మూడో రోజు కాగితాలు పంచారు. మా తాతకు తప్ప అందరికీ వచ్చాయి. అందరూ రెండు చేతులతో అందుకున్నారు. తండా పాస్టరు మాకు ఎదురైనప్పుడు తన కాగితాన్ని వీపు వెనక దాచుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు లేచి, ఈయనకు లేని కాగితం నాకెందుకు అనలేదు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ నా పళ్ళు నూరుకుంటాయి, డాక్టరు రెండు పళ్ళు పీకినా మానలేదు.

పంటలు ఇంటికి చేరాయి. కొత్త పాస్టరు వచ్చాడు. చక్కగా మాట్లాడేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళు మా ఇంటికొచ్చి, పొద్దున ఆయనేం చెప్పాడో జర చెప్పమని తాతను అడిగేవాళ్ళు. నెలకోసారి ఆ ఉల్లిగడ్డల పాస్టర్లలో ఏడెనిమిది మంది కాగితాలు ఇంట్లో పెట్టి మా గడప దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ నెల చేసిన తప్పులు చెప్పుకొని, ఇన్ని ఉడకబెట్టిన మక్కగుడాలు తిని పోయేవాళ్ళు. తాత పోయేదాకా అది ఆగలేదు.

రాష్ట్రం వచ్చింది. మొన్న జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో సంఘ నాయకత్వ సదస్సుకు నన్నూ పిలిచారు. మెడలో పేరు చీటీలు, తెర మీద నాయకత్వానికి ఏడు మెట్లు. వేదిక మీదున్నాయన మన జిల్లావాడే, మాట మాత్రం నేతిలో వేయించుకొని వచ్చాడు. అందరం తెలిసింది చెప్పుకున్నాం. తప్పింది ఎవరూ చెప్పలేదు.

కనుక నేను చెబుతాను. పందిరి, బర్రెలు, కాలి వేళ్ళు, ఇవి పెంచినవి. కల్పించింది ఒక్కటే. ఆ రోజు నవ్వనివాళ్ళం ఇద్దరమని రాశాను. ఒక్కరే. నేను నవ్వాను. అందరికంటే ఆఖర్న ఆపింది నేనే.

మా తాత ఉల్లిగడ్డల దగ్గర ఏ తప్పు ఒప్పుకున్నాడో కూడా అందుకే దాటేశాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఇలా అన్నాడు: “నిన్న నా మనుమడు గూడ నవ్విండు. వానిది తప్పు గాదు. బడిల పంతులు ఎక్కిరిస్తడని, ఇంట్ల వాడు యాది అన్నప్పుడల్ల జ్ఞాపకం అనుమని చెవు మెలేసింది నేనే.”

ఆ చెవు ఇప్పటికీ మండుతుంది. పెద్ద అయ్యగారు చెప్పింది అబద్ధం కాదేమో. అది వ్యాధే, మా తాత దగ్గర్నుంచి నాకు అంటుకుంది. ఏ డాక్టరుకూ చూపించలేదు.