ప్రింటరు బొమ్మ కోసం కాణిపాకం

చిత్తూరులో కోర్టు వెనక సందులో ఒక ప్రింటింగు షాపు ఉండేది. నా వయసులో మంచి భాగం అందులోనే అరిగిపోయింది. షాపులో రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు నేను కూర్చుని పెళ్ళిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, కర్మక్రియల కార్డులు తయారుచేసేవాణ్ణి. రెండోదాని ముందు ఒక అక్క కూర్చునేది. నేను చేసినవాటిని తన మిషన్లోకి ఎక్కించుకుని, పక్కనున్న రంగుల ప్రింటరు మీద అచ్చు తీయడం ఆమె పని. అంతకుముందు కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేది. మొగుడు పోయాడో, వదిలేసి పోయాడో మేమెవరం అడగలేదు. కళ్ళు కనబడని అత్తను మాత్రం ఆమే సాకేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ షాపు పని మీదే.

మా ఓనరు మంచి వ్యాపారస్తుడు. దడుపు ఎక్కువ. దొంగ సాఫ్టువేరు పెట్టుకున్న షాపుల మీద దాడులు జరుగుతున్నాయని ఎవరో అనగానే ఆయనకు అన్నం సహించలేదు. ఆ ఎవరో నేనేనని సందులో కొందరంటారు. సగం నిజం. నేను అన్నది ఒక షాపు గురించి, విన్నవాళ్ళే దాన్ని జిల్లా మొత్తం చేశారు. ఓనరు తిరుపతి నుంచి కంప్యూటరాయన్ను పిలిపించి, ప్రింటరుకు తగిలించిన మిషన్లో విండోస్ తీసేసి లినక్స్ అనేదాన్ని ఎక్కించుకున్నాడు. అది ఊరికే వస్తుందట, దానికి దాడులూ ఉండవట. కంప్యూటరాయన తెర మీద కుడివైపు కింది మూలలో ఒక చిన్న ప్రింటరు బొమ్మ పెట్టాడు. “దీన్ని రెండుసార్లు నొక్కితే ప్రింటరు సంగతులన్నీ తెరుచుకుంటాయి. కార్డు సైజు, మందం, రంగుల గొట్టాలు కడగడం అంతా ఇందులోనే. మిగతావాటి జోలికి పోకండి” అని చెప్పి బస్సెక్కాడు.

మేము ఎవరమూ మిగతావాటి జోలికి పోలేదు. ఆ మూల, ఆ బొమ్మ, అంతే మాకు లినక్స్. బొమ్మ ఉంటే ప్రింటరు ఉన్నట్టు. అక్కకైతే తెర వంక చూసే పని కూడా ఉండేది కాదు, చెయ్యే ఆ మూలకు పోయేది.

నా పని గురించి కూడా చెప్పాలి. కార్డులు అచ్చయ్యేదాకా గిరాకీలు విసుక్కోకుండా కూర్చోబెట్టడం నా అసలు ఉద్యోగం. మా ప్రింటరు కూత మొదలైతే శ్రీహరికోటలో రాకెట్టు వదిలేవాళ్ళు లెక్క మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటారని చెప్పేవాణ్ణి. చంద్రగిరి కోటలో రాజుగారికి మా తాత పెళ్ళిపత్రిక రాసిచ్చాడనీ, రాణిగారి పేరు తప్పు పడితే రాజుగారు పత్రిక మార్చలేదు, రాణిని మార్చాడనీ చెప్పేవాణ్ణి. జనం నవ్వుతూ కూర్చునేవాళ్ళు. నేను పొద్దున వాన పడిందంటే మాత్రం బయటికి పోయి చేతులు చాపి చూసేవాళ్ళు.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. పూజ రోజున మిషన్లను మా ఓనరు ఒక్కడే ముట్టుకుంటాడు. ఆఫ్ కూడా చెయ్యనివ్వడు. దీపం పెట్టే పూట తెర నల్లగా ఉంటే ఏడాదంతా షాపు నల్లగా ఉంటుందని ఆయన నమ్మకం. వెలుగుతున్న తెర మూలలకు గంధం, కుంకుమ పెట్టాడు. పసుపునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కీబోర్డు, మౌసు గట్టిగా రుద్ది రుద్ది తుడిచాడు. అక్క గడప ముందర ముగ్గేసి, ప్రసాదం తీసుకుని ఇంటికి పోయింది. లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

పండగ సెలవు అయ్యాక షాపు తెరిస్తే, మూలలో బొమ్మ లేదు. కుంకుమ బొట్టు ఉంది, దాని వెనక ఖాళీ.

ఓనరు తెర దగ్గరికి వంగి చూశాడు. “ఏమ్మే, ఈడుండేది యాడికి పోయింది?”

“నాకు తెలీదన్నా. ఇప్పుడే కదా కూసున్నాను.”

“కాళ్ళొచ్చి నడిసిపోయిందా?”

“దసరాకు వాళ్ళూరికి పోయుంటుందిలేప్పా, వచ్చేస్తుంది” అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

నవ్వే సమయం కాదు. దసరా దాటితే కార్తీకం పెళ్ళిళ్ళు. పత్రికల కోసం చంద్రగిరి నుంచి ఒక పెళ్ళివారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అక్క భయంతో అలాగే అచ్చుకు పెట్టింది. ప్రింటరు మామూలు కాగితం సైజులోనే ఉండిపోయింది కాబట్టి కార్డు సగానికి తెగి వచ్చింది. పెళ్ళికూతురు పేరు బయటికొచ్చింది, పెళ్ళికొడుకు మిషన్లోనే ఉండిపోయాడు. పెళ్ళికూతురి నాయన ఆ కార్డు చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు. “ఏమప్పా, ముహూర్తం కాకముందే వేరు పెట్టేసినారే” అని లేచి, నేరుగా ఎదురుషాపులోకి పోయాడు.

ఎదురుషాపు కొత్తది. దాని ఓనరు అంతకుముందు వారం టీ బంకు దగ్గర అక్కను పలకరించాడు. అది మా ఓనరు కంట్లో పడింది. ఇప్పుడు ఆ పలకరింపూ ఈ గిరాకీ పోవడమూ ఆయన బుర్రలో కలిశాయి.

“ఆయప్ప నీతో ఏం మాట్లాడినాడు?”

“బాగుండావా అన్నాడన్నా. అంతే.”

“బాగుండావా అంటే బొమ్మ తీసేస్తావా?”

“నేను తియ్యలేదన్నా. ఎట్లా తియ్యాలో కూడా నాకు తెలీదు.”

“ఆ మిషను ముందర నువ్వు గాక ఎవురు కూసుంటారు? నేను కూసున్నానా?”

తిరుపతి కంప్యూటరాయనకు ఫోను చేస్తే దొరకలేదు. బ్రహ్మోత్సవాలు అయిపోయినా తగ్గని రద్దీలో ఆయన ఏ కొండ మలుపులో ఉన్నాడో. సాయంత్రం దాకా ఓనరు అరిచాడు, అక్క తల వంచుకుని వింది. ఆఖరికి షాపు గుమ్మంలో నిలబడి, సందంతా వినేటట్టు అన్నాడు.

“రేపు కాణిపాకం పోదాం. మునిగి ప్రమాణం చెయ్యి.”

మా వైపు ఆ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. గట్టు జరిపాడనే తగాదా అయినా, గొడ్డు పోయిందనే తగాదా అయినా, వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి చెప్పిందే తీర్పు. రానంటే ఒప్పుకున్నట్టే. కాసేపటికే టీ బంకులో, కోర్టు గుమాస్తాల దగ్గర, పూలంగడిలో అందరికీ తెలిసిపోయింది. కంప్యూటరులో బొమ్మ పోయినందుకు ప్రమాణం అనేది ఆ వినాయకుడికి కూడా మొదటిసారే అయ్యుంటుంది.

“చేస్తానన్నా. తియ్యనిదానికి నాకేం భయం” అంది అక్క.

మరునాడు పొద్దున బయల్దేరే ముందు నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఊరికే మౌసు మీద చెయ్యి వేస్తే వేలికి పసుపు అంటింది. ఎడమ మీట సందులో పసుపు గట్టిపడి ఉంది, నొక్కితే సగంలో అతుక్కుంటోంది. అప్పుడు నాకు ఆ గుడ్డ కళ్ళముందు ఆడింది. గుడ్డ మీటను నొక్కి పట్టింది, ఓనరు చెయ్యి రుద్దుతూ పోయింది. నొక్కి పట్టి లాగితే బొమ్మ కదులుతుంది. కదిలిన బొమ్మ దేని మీద పడితే దాని లోపలికి పోతుంది. మూలకు పైన ఏముంది? పెళ్ళిపత్రికలు దాచే ఫోల్డరు. తెరిచాను. గుంపులు గుంపులుగా ఉన్న పత్రికల మధ్య, విడిదింట్లో దారి తప్పిన చుట్టంలా, ప్రింటరు బొమ్మ కూర్చుని ఉంది.

దాన్ని లాగి మళ్ళీ దాని మూలలో పెట్టాను. రెండుసార్లు నొక్కాను. ప్రింటరు కిటికీ తెరుచుకుంది.

వెనకనుంచి ఓనరు అంతా చూశాడు. నా వేలి మీద పసుపు చూశాడు.

“దొరికింది కదప్పా. ఇంక కాణిపాకం ఎందుకు?” అన్నాను.

“సందంతా చెప్పేసినాను. ఇప్పుడు పోకుంటే నా మాటకు ఏం విలువుంటాది? ఆయమ్మ తియ్యలేదు కదా, చేస్తే ఆమెకు వచ్చే నష్టమేముండాది?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “ఇది నీకూ నాకూ మధ్యలోనే. నువ్వు చెప్పినా ఎవురూ నమ్మరులే.”

బస్సులో అక్క పక్కన కూర్చుని చెవిలో అంతా చెప్పాను. ఓనరు ముందు సీట్లో ఉన్నాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ, “అయితే ఇప్పుడు నేనెందుకు మునగాల?” అంది.

“మునుగు. మునిగి చెప్పినాక, నువ్వు కూడా చెయ్యన్నా అని ఆయన్ని అడుగు. చూస్తాం ఏం చేస్తాడో.”

నాకు ఆ ఆలోచన చాలా బాగా నచ్చింది. బస్సు దిగేదాకా దాన్ని తల్చుకుని లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

వాన జల్లు పడుతోంది. అక్క కోనేట్లో మునిగి లేచింది. పాత నూలు చీర ఒంటికి అంటుకుపోయి, పళ్ళు టకటకమంటుంటే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వరుసలో నిలబడింది. ఓనరు పొడి చొక్కాతో గొడుగు కింద ఉన్నాడు. ముందు నిలబడిన ముసలాయన, ఏదో చెరుకు తోట తగాదా మీద వచ్చినవాడు, వెనక్కి తిరిగి అడిగాడు.

“ఏం పోయిందమ్మా?”

“బొమ్మ, పెద్దాయనా.”

“బంగారుదా?”

“కాదు. కంప్యూటర్లోది.”

ముసలాయన ఆమెను పైనుంచి కిందికి చూసి, కొంచెం ఎడంగా జరిగాడు.

సన్నిధిలో ఆమె గొంతు స్పష్టంగానే వచ్చింది. “ప్రింటరు బొమ్మ నేను తియ్యలేదు స్వామీ. తీసుంటే నా చేతులు పడిపోనీ.” చేతుల మీద బతికే మనిషి అంతకంటే పెద్దది ఏం ఒడ్డుతుంది. కర్పూరం కళ్ళకద్దుకుని, అందరూ చూస్తుండగా ఓనరు వైపు తిరిగింది.

“అన్నా, ఇప్పుడు నువ్వు. నీ చేతిమీద పోలేదని చెప్పు.”

వరుసంతా ఆయన వైపు తిరిగింది. చెరుకు తోట ముసలాయన కూడా. ఓనరు నా వైపు చూశాడు, నేను గోపురం వైపు చూశాను. ఆయన జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగలేదు. ముఖం వాడిపోయింది, పెదవి వణికింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

“మా చిన్నాయన పోయినాడంట. ఇప్పుడే ఫోనొచ్చింది. మైల తగిలింది, నేను ఈడ నిలబడకూడదు” అని చెప్పి బయటికి పరిగెత్తాడు. జనం అయ్యో అంటూ దారిచ్చారు.

అబద్ధాల్లో అంతవరకూ నన్ను నేను పెద్ద మొనగాణ్ణి అనుకునేవాణ్ణి. ఆ చిన్నాయన తర్వాత చాలా ఏళ్ళు శుభ్రంగా బతికాడు. షాపుకొచ్చి నా పక్కనే కూర్చుని బజ్జీలు తినేవాడు.

బయట బస్సు ఆగేచోట ఓనరు గొడుగు మూసి మా కోసం నిలబడి ఉన్నాడు. కళ్ళు ఆరిపోయాయి.

“రేపట్నుంచి రావద్దులేమ్మే.”

“ఎందుకన్నా? చేసినాను కదా. బొమ్మ కూడా దొరికింది కదా.”

“దొరికిందని నీకెవురు చెప్పినారు?” అన్నాడు. నా వైపు చూడలేదు. “దేవుని ముందర నన్ను నిలబెట్టినావు. ఇంక నిన్ను ఎదురుగా పెట్టుకుని నేనెట్లా యాపారం చేసేది?”

చీర నీళ్ళు కారుతుంటే బస్సులో కండక్టరు ఆమెను సీట్లో కూర్చోనివ్వలేదు. చిత్తూరు దాకా నిలబడే వచ్చింది.

మర్నాడు ఆమె ఎదురుషాపుకు పోయి పని అడిగింది. ఆయప్ప మర్యాదగానే కుర్చీ వేశాడట. “పని తెలిసినదానివే. కానీ ప్రమాణం దాకా పోయిందంటే ఏదో ఒకటి లేకుండా పోతాదా? నా మిషన్లో కూడా బొమ్మలుండాయి” అన్నాడట. సందులో అందరి మాటా అదే అయిపోయింది. తీసిందో లేదో ఎవరికీ అక్కర్లేదు. కాణిపాకంలో మునిగిన ఆవిడ, అంతే ఆమె పేరు.

ఇది నాకు నచ్చలేదు. టీ బంకు దగ్గర ఎదురుషాపాయన, గుమాస్తాలు అందరూ ఉన్నప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. పసుపు గుడ్డ, మౌసు మీట, బొమ్మ జారి పెళ్ళిపత్రికల్లో పడటం, చావని చిన్నాయన చావు. నేను గుడ్డ దగ్గరికి రాగానే నవ్వు మొదలైంది. చిన్నాయన దగ్గరికి వచ్చేసరికి ఒక గుమాస్తాకు టీ ముక్కులోకి పోయింది.

“ఈ ఏడాదికి ఇదే పెద్దదప్పా. రాకెట్టు కంటే బాగుండాది” అన్నాడు ఎదురుషాపాయన కళ్ళు తుడుచుకుంటూ.

“నిజమప్పా. నా కళ్ళతో చూసినాను.”

“చూసుంటావులే. రాణిని మార్చింది కూడా చూసినావు కదా. ఆ గుడ్డ సంగతి ఇంకొకసారి చెప్పు, ఈయన ఇప్పుడే వచ్చినాడు.”

అక్క బంకు పక్కనే కూరగాయల బండి దగ్గర నిలబడి ఉందని నేను చూసుకోలేదు. అంతా వినింది. వంకాయలు సంచీలో వేసుకుని నా దగ్గరికొచ్చింది. మొహంలో కోపం కూడా లేదు.

“నిజమెందుకు చెప్పినావప్పా?” అంది. “నీ నోట్లోంచి వచ్చేసినాక ఇంక అది నేను చెప్పినా నిజం కాదు. బొమ్మ నేనే తీసినానని నువ్వొక అబద్ధం చెప్పుంటే, ఆయప్ప అదీ నమ్మకుండా నవ్వి నాకు పని ఇచ్చుండేవాడు.”

గుమాస్తాలు ఆ మాటకూ నవ్వారు. ఆమె సంచీ సర్దుకుని, కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకోవడానికి చోటు ఉందేమో అడగడానికి పోయింది. ఆ చోట్లో అప్పటికే ఒక జెరాక్సు మిషను కూర్చుని ఉంది.