కాగని నూనె

పుంగనూరు బస్టాండు పక్కన జిరాక్స్ షాపు నడిపే భానుప్రకాశ్‌కు వేడి అంటే పగ. కాఫీ చల్లారితే గాని తాగడు. ఏ మిషన్ కనిపించినా జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు ఆనిస్తాడు. నూనెలో ముంచితే కంప్యూటర్ వేడెక్కదని, చెడిపోదని ఇంటర్నెట్‌లో చదివాక ఊరుకోలేదు. పాత చేపల తొట్టి ఇంటికి తెచ్చి, ఏడాదిగా ముక్కముక్క కొని కూర్చుకున్న కంప్యూటర్‌ను అందులో దించాడు. అందుకు వాడాల్సిన నూనె మదనపల్లెంతా తిరిగినా దొరకలేదు. ఇంట్లో ఏడాదికని ఆడించిన వేరుశనగ నూనె ఉంది. తల్లి గౌరమ్మ రెండు డబ్బాలూ ఇస్తూ షరతు పెట్టింది: "సాయంత్రానికి కాగినాదంటే నా నూనె నాకు. నిప్పట్లు కాల్చుకుంటా."

పొద్దున వేసిన కంప్యూటర్ సాయంత్రందాకా నడుస్తూనే ఉంది. గౌరమ్మ నూనెలో వేయించే ఆ నిప్పట్ల పిండితో వచ్చింది. భానుప్రకాశ్ తొట్టికి చెయ్యి ఆనించి, "సల్లగుండాదిమా, సూడు" అన్నాడు.

"నీ చేతికేం తెలుస్తాదప్పా, ఉండు" అని ఆమె చిటికెడు పిండి గిల్లి నూనెలో వేసింది. పొంగి తేలితే కాగినట్టు. భానుప్రకాశ్ ఊపిరి బిగబట్టాడు. పిండి తాపీగా మునిగి, మదర్‌బోర్డు మీద కూర్చుంది. ఒక్క బుడగ రాలేదు.

"గెలిచినా!" అని అతను గంతేశాడు.

గౌరమ్మ అప్పటికే గోడ మీదుగా పక్కింటి మాలతితో చెప్తోంది: "పొద్దున్నించీ కరెంటు కాల్చినా ఒక్క నిప్పట్టుకు సరిపడా కాగల్యా మా! మావోడి మిషన్‌లో దమ్ము ల్యా."

భానుప్రకాశ్ గెలుపు బస్టాండుదాకా ఆ మాటతోనే పాకింది.