రెండు పార్టీలకీ మైకు కట్టినవాడు

నా మైకు సెట్టును ఊళ్ళో ఎవరూ పిలవకూడదని గెలిచిన పార్టీవాళ్ళు చెప్పారు. ఎన్నికల ముందు నేను ఓడిన పార్టీ మీటింగుకి మైకు కట్టాను. గెలిచిన పార్టీ మీటింగుకీ కట్టాను. రెండోది వాళ్ళకి గుర్తు లేదు. మొదటిది గుర్తుంది. జరిగింది ఇంతే.

కాగితం మీద ఎవరూ రాయలేదు. ఇంటికొచ్చి ఎవరూ బెదిరించలేదు. నాకు మొదట తెలిసింది ఒక పెళ్ళి బుకింగ్ వల్ల. మా జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో కల్యాణమండపం. ముందురోజు సాయంత్రం హారన్లు తుడిచి, వైర్లు చుట్టి ఆటోలో సర్దుకున్నాక మండపం మేనేజరు ఫోన్ చేశాడు.

“పెద్దాయనా, రేపు మీరు రావద్దండి.”

“పెళ్ళి ఆగిందా?”

“పెళ్ళెందుకు ఆగిద్దండీ, శుభమా అని! సెట్టు వేరేవాళ్ళు తెస్తున్నారు.”

“నా సెట్టుకేమైంది?”

“సెట్టుకేం కాలేదు. మీకూ ఏం కాలేదు. మిమ్మల్ని రానిస్తే మా ఓనరుకి అవుద్ది. కాస్త అర్థం చేసుకోండి.”

అర్థం చేసుకున్నాను. ఈ వయసులో నాకు మిగిలిన పెద్ద పని అదే, అందరినీ అర్థం చేసుకోవడం. వినాయకుడి పందిళ్ళవాళ్ళని అర్థం చేసుకున్నాను. తండ్రి పెద్దకర్మకి చెప్పి మానేసిన వాళ్ళని అర్థం చేసుకున్నాను. మా ఊళ్ళోనే ఒకాయన గేదె తప్పిపోయింది. ఆటోకి మైకు కట్టి చుట్టుపక్కలంతా చెప్పించాలని నాకు ఫోన్ చేశాడు. కాసేపటికి మళ్ళీ చేసి, వద్దులెండి, దొరికిందన్నాడు. మర్నాడు వేరేవాళ్ళ మైకు ఆ గేదె కోసం తిరుగుతుంటే మా వీధిలోనే విన్నాను. గేదెది ఏ పార్టీయో నేనడగలేదు.

నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకా. ఆ తర్వాత ఒక రేడియో షాపులో చీపురు పట్టుకుని, అక్కడ పడున్న బొమ్మల పుస్తకాలు చూసి సర్క్యూట్లు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు కూడా వాల్వుల మీదే దిద్దుకున్నాను. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం ఆ షాపులో అబ్బిన అలవాటే. సొంత సెట్టు కొనుక్కున్నప్పటి నుంచి నా చోటు వేదిక వెనకాల, యాంప్లిఫయరు పక్కన. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ జరిగిన మీటింగులన్నీ నేను నాయకుల వీపులు చూస్తూ విన్నాను.

వీపు చూస్తూ వింటే మాట వేరుగా వినిపిస్తుంది. పక్కనే కృష్ణ పారుతోంది, మా మెరక పొలాలకి చుక్క ఎక్కదు. ఎత్తిపోతలు పెట్టి నీళ్ళిస్తామన్న మాట నా హారన్లలోంచే మొదటిసారి వచ్చినప్పుడు నేను కొత్తగా పెళ్ళైనవాణ్ణి. ఆ మాటే అవతలి పార్టీ ఆయన నోట వచ్చింది. వాళ్ళ కొడుకుల నోట వచ్చింది. ఇప్పుడు మనవళ్ళు అంటున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలో మన పిల్లలకే ఉద్యోగాలన్న మాటా అంతే. ఇప్పటికీ ఆ మాటలు వరస తప్పకుండా చెప్పగలను, ఎక్కడ గొంతు పెంచారో, ఎక్కడ చప్పట్ల కోసం ఆగారో కూడా.

చెప్పలేదు, అది వేరే సంగతి. మైకు కట్టేవాడికి ఒక పద్ధతి ఉండేది. ఒక్కోసారి నందిగామ సెంటర్లో ఒకే చోట పొద్దున ఒకళ్ళ మీటింగు, సాయంత్రం ఇంకొకళ్ళది. బొంగులు పీకడం దేనికని హారన్లు అలాగే ఉంచేవాణ్ణి, జెండాలు మాత్రం వాళ్ళు మార్చుకునేవాళ్ళు. సాయంత్రం వచ్చిన నాయకుడు, పొద్దున వాడేం కూశాడని అడిగితే, నా పని మీ మాట దూరం వినిపించడమండీ, వాళ్ళ మాట మీకు చేరవేయడం కాదని అనేవాణ్ణి. నవ్వి వేదికెక్కేవాడు. ఇద్దరికీ నేను కావాల్సినవాణ్ణి. ఆ నవ్వే ఇప్పుడు ఊళ్ళో ఎక్కడా లేదు. టీకొట్లు కూడా పార్టీలవారీగా విడిపోయాయి. నేను బస్టాండు వైపు లారీ డ్రైవర్లు తాగే కొట్టుకి మారాను. వాళ్ళు ఏ ఊరివాళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ ప్రాణానికి కాస్త సుఖం.

కోదాడ అరగంట ప్రయాణం, రాష్ట్రం దాటితే నిన్నెవడు అడుగుతాడని కొందరన్నారు. వెళ్ళి చూశాను. అక్కడి మండపాలకి అక్కడి సెట్లున్నాయి, వాళ్ళ కడుపు మీద నేనెందుకు కొట్టాలి? పైగా డీజే బాక్సులొచ్చాక నా హారన్లని పెళ్ళిళ్ళకి పిలవడం ముందే సగం పడిపోయింది. మిగిలిన సగమే ఈ కట్టడితో పోయింది. తిండికి లోటు లేదు. పొద్దున లేచి స్నానం చేసి, చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ విప్పుకోవడం ఉంది చూడండి, అది.

అలాంటి ఒక పొద్దున నా బావమరిది ఫోన్ చేశాడు. కంచికచర్లలో బోర్లు వేసేవాడు. ఇక్కడ నీళ్ళు పాతాళానికి దిగి, వేసిన బోరల్లా ఎండిపోతుంటే విసిగి, రిగ్గును ఓడకెక్కించి జాంబియా పోయాడు. అక్కడ కుదురుకున్నాడు. పైపులు, మోటర్లు అమ్మే స్టోరు కూడా పెట్టాడు.

“బావా, ఇక్కడికొచ్చెయ్యి. స్టోరు చూసుకో. కేబుళ్ళు, స్టార్టర్లు, నీకు తెలియంది ఏముంది? మనోళ్ళం కలిసి గుడి కట్టుకున్నాం. ఆదివారం భజనకి మైకు పెడితే ఒకటే కూత. సరిచేసే మొగాడు లేడు.”

“అక్కడ ఎలక్షన్లుండవంట్రా?”

“ఎందుకుండవ్, ఉంటయ్. మనకి ఓటు లేదు. ఎంత హాయో చెప్పలేను బావా!”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఓటు లేకపోవడం హాయి అని నా ఇంటి మనిషే అంటున్నాడు. నేను వెయ్యకుండా మానిన ఎన్నిక లేదు. ఓడినవాడికి వేసినప్పుడూ బాధపడలేదు, గెలిచినవాడికి వేసినప్పుడూ పొంగిపోలేదు. ఇప్పుడు లెక్క చూస్తే ఓటున్న చోట నేను నోరూ పనీ రెండూ మూసుకుని కూర్చున్నాను. వాడు ఓటు లేని చోట గుడికి మైకు కావాలంటున్నాడు. ఎవడు నయం? ఒకరోజు వాడు నయమనిపించేది. ఇంకోరోజు, నా భాష వినపడని చోట నా చెవులెందుకు అనిపించేది. మోకాళ్ళ సంగతి సరేసరి.

విజయవాడ వెళ్ళి పాస్‌పోర్టుకి పెట్టుకొచ్చాను. ఆ సంగతి బస్సు దిగేలోపే టీకొట్టుకి చేరింది. మా ఊళ్ళో హారన్లతో పనిలేదు.

“ఏం బాబాయ్, జాంబియానా? ఏనుగుల పెళ్ళికి మైకు కడతావా?” అన్నాడు టీకొట్టువాడు.

“కడతా. అవి బుకింగ్ ఇచ్చి క్యాన్సిల్ చెయ్యవు.”

అందరూ నవ్వారు. ఒక లారీ క్లీనరు మాత్రం నవ్వకుండా గ్లాసు కింద పెట్టి, “వెళ్ళండి తాతా. మాకైతే వీసా ఇచ్చేవాడు లేక ఉన్నాం గానీ, ఇష్టమై ఉన్నామా?” అన్నాడు. ఎవరి టీ వాళ్ళు తాగారు.

మా ఆవిడకి తమ్ముడి దగ్గరికి పోవడం ఇష్టంగా ఉంటుందని నేననుకున్నాను. అడిగితే బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

“అక్కడ కందిపప్పు దొరుకుద్దంటా?”

“మీ తమ్ముణ్ణే అడుగు.”

“అడిగా. దొరుకుద్దంట.”

“మరింకేం?”

“నాకేముంది. ఎక్కడైనా వండేది నేనేగా. పొద్దస్తమానం మీరా హారన్లు తుడుస్తా కూర్చుంటే చూళ్ళేక చస్తున్నా, పోదామంటే పోదాం. కానీ ఒక్కటి. ఎందుకు చేశార్రా ఇట్టా అని వాళ్ళనొక మాట అడిగి బయల్దేరండి. అడక్కుండా ఎక్కితే ఆ విమానంలో కూడా నన్నే సతాయిస్తారు.”

ఆవిడ చెప్పింది నిజం. నేను తిడుతున్నదంతా గోడలతోనే. అడగాల్సిన మనిషిని అడగలేదు.

ఆ మనిషి మా పట్టణంలో గెలిచిన పార్టీకి పెద్ద. పదవి పేరు ఏదైనా, అతను ఊఁ అంటే పని, ఊహూఁ అంటే లేదు. అతను కాలేజీలో చదివేటప్పుడు మొదటిసారి వేదికెక్కింది నా మైకు ముందే. మూతికి ఆనించుకుని అరిస్తే మైకు కీచుమని కూసింది, జనం చెవులు మూసుకున్నారు, పిల్లాడి మొహం పాలిపోయింది. నేను పైకెక్కి మైకు జానెడు వెనక్కి జరిపి, “అరవమాక నాన్నా, మాట్లాడు. అరిచే పని హారను చూసుకుంటది,” అన్నాను. ఆ రోజు నుంచి బాబాయ్ అనే పిలుస్తాడు.

వాళ్ళింటి వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక అర్జీ. నా వంతు వచ్చింది.

“రండి బాబాయ్, రండి! అరే, బాబాయ్‌కి టీ ఇయ్యండ్రా.”

“టీకి రాలేదు. నా సెట్టును ఎవరూ పిలవొద్దన్నారంట మీవాళ్ళు.”

“ఎవడన్నాడు? నేనన్నానా?”

“నువ్వన్నావని నేనన్లేదు. నువ్వు కాదంటే ఆగిపోద్దంటున్నా.”

మధ్యలో అతనికి ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేశాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. “పాస్‌పోర్టుకి పెట్టుకున్నా. జాంబియా పోదామని. పోలీసు ఎంక్వైరీ రావాలి, అది వచ్చేలోపు నాకు తెలియాలి. ఈ ఊళ్ళో నేను మైకు కట్టుకోవచ్చా, కూడదా? కట్టుకోమంటే ఉంటా. కూడదంటే పోతా. ఏదో ఒకటి నీ నోటితో చెప్పు.”

రెండోసారి ఫోను మోగింది. దాన్ని చెవికి పెట్టుకుంటూనే నా చెయ్యి పట్టుకున్నాడు. “అర్థమైంది బాబాయ్. మీ పని నా పని. నే చూస్తాగా.”

బయటికి వస్తూ నాకు కాస్త ఊపిరాడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఇంటికెళ్ళి యాంప్లిఫయరు దుమ్ము దులిపాను. కోదాడ నుంచి ఒకతను సెట్టు మొత్తం కొంటానని వచ్చి చూసుకున్నాడు, మాట చెప్తే ఆటో తెస్తానన్నాడు. కొన్నాళ్ళు ఆగమన్నాను. ఎందుకాగాలో చెప్పలేదు. బావమరిది ఫోన్ చేసి టికెట్లు చూడనా అంటే అతన్నీ ఆగమన్నాను. “ఎవరి కోసం బావా?” అన్నాడు. ఎండలు పోయాయి, వానలొచ్చాయి. వరండాకి మళ్ళీ వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. ఒకసారి అడిగినదానికి జవాబు రావాలి. రెండోసారి అడిగితే అది అడుక్కోవడం అవుతుంది.

ఆ వానాకాలంలోనే, నన్ను బాబాయ్ అనే ఆ నాయకుడి మీటింగు నందిగామలో పెట్టారు. పిలవకపోయినా వెళ్ళాను. బస్సు దిగి జనం వెనకాల నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఒక మీటింగును ముందు నుంచి చూస్తున్నాను. ఎత్తుగా పేర్చిన నల్ల బాక్సులు, వాటి మధ్యలో చెవిలో ఏదో పెట్టుకుని ఫోను చూసుకుంటున్న ఆపరేటరు. నాయకుడు మాట్లాడటం మొదలుపెట్టగానే మైకు కూసింది. ఆపరేటరు సౌండు ఇంకా పెంచాడు. ఇంకా కూసింది. నా చెయ్యి నాకు తెలియకుండానే గాలిలో తిప్పుతోంది, లేని బటన్‌ని. పక్కనున్నావిడ నన్ను చూసి కాస్త దూరం జరిగింది.

అప్పుడతను మైకు తనే జానెడు వెనక్కి జరుపుకున్నాడు. కూత ఆగింది. మెరక పొలాలకి ఎత్తిపోతలతో నీళ్ళిస్తామన్నాడు, వాళ్ళ పెద్దలు ఆగిన చోటే ఆగాడు, చప్పట్లు పడ్డాయి. తల తిప్పి జనాన్ని చూస్తూ నన్ను చూశాడు. చూసి, చెయ్యెత్తి ఊపాడు. నాకే ఊపాడు. నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

తిరుగు బస్సులో కూర్చుని కోదాడ అతనికి వద్దని చెప్పేద్దామనుకున్నాను. మా ఆవిడకి చెప్తే, “చెయ్యి ఊపితే అయిపోయిద్దా, నోటితో చెప్పమన్నారుగా,” అంది. చెప్తాడన్నాను.

చెప్పాడు. మర్నాడు నేను చొక్కా వేసుకుంటుండగా అతనే స్వయంగా ఫోన్ చేశాడు. గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

“బాబాయ్, నిన్న మిమ్మల్ని చూడగానే గుర్తొచ్చింది. ఇందాకే మనవాడొకడికి చెప్పా, మీ పాస్‌పోర్టు ఎంక్వైరీ ఈ వారంలో అయిపోద్ది, ఇంటికే వస్తారు, మీరెక్కడికీ తిరగమాకండి. ఇంకేం, హ్యాపీగా వెళ్ళిరండి. అక్కడికెళ్ళాక మీ నంబరు పంపించండి బాబాయ్, విదేశాల్లో ఉన్న మనోళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అందులో పెట్టిస్తా.”