శ్రావణ శుక్రవారం నాటి చికెన్ సలాడ్

లక్ష్మీదేవికి చికెన్ నైవేద్యం పెట్టబోయిన ఘనుణ్ని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. ఇదిగో, చూడండి. పెట్టలేదు, పెట్టబోయాను. ఆ రెండింటికీ మధ్య దూరం ఇరవై ఎనిమిది మైళ్లు. ఆ ఇరవై ఎనిమిది మైళ్లూ కారు ఎలా నడిపానో నాకూ ఆ దేవికీ మాత్రమే తెలుసు.

అప్పట్లో న్యూజెర్సీలోని పిస్కాటవేలో సుశీల ఆంటీ, మూర్తి అంకుల్ వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ని. అంతకుముందు నా ప్రాజెక్ట్ అయిపోయి, రూమ్మేట్లు తలో రాష్ట్రానికి ఎగిరిపోయి, ఉద్యోగం లేనివాడికి గది ఇచ్చే దిక్కు లేక తిరుగుతున్న రోజుల్లో, గుడిలో ప్రసాదం లైన్‌లో నా ముందు నిలబడ్డ ఆంటీ నా మొహం చూసి, "ఎప్పుడు తిన్నావు బాబూ?" అని అడిగింది. ఆ వారమే బేస్‌మెంట్ తాళం చేతికిచ్చింది. పెట్టిన షరతు ఒక్కటే.

"మా ఇంట్లోకి నీచు రాకూడదు. బయట ఏం తింటావో నేను అడగను. గడప మాత్రం దాటించకు."

ఏడాదిన్నర పాటు ఆ మాట నిలబెట్టుకున్నాను. ఆమ్లెట్ కూడా ఆఫీసులోనే తిని, మూతి కడుక్కుని, ముని కుమారుడిలా ఇంటికి వచ్చేవాణ్ని.

ఇంతలో పార్సిప్పనీలో నా కొత్త ఆఫీసులో ఓ శుక్రవారం పాట్‌లక్ వచ్చి పడింది. ఎవరికి వారు ఓ వంటకం తెచ్చి అందరూ పంచుకు తినడం. సైన్-అప్ షీట్ నా దగ్గరకొచ్చేసరికి పులిహోర, సమోసాలు, చివరికి పేపర్ ప్లేట్లు కూడా ఎవరో రాసేసుకున్నారు. పక్కనే మా మేనేజర్ డెబ్రా నిలబడి ఉంది. అమెరికా దక్షిణాదిలోని జార్జియా రాష్ట్రపు ఆడపడుచు. శేఖర్ అనే నా పేరును ఉప్పు చల్లుకునే సీసా పేరులా "షేకర్" అని పిలుస్తుంది. ఆ వారం నేను వణికిన వణుకుకి ఆ పేరే సరిపోయింది.

"మా అమ్మ చేతి చికెన్ సలాడ్ తిని పదేళ్లయింది షేకర్. ఈ న్యూజెర్సీలో అది ఎవరికీ చేతకాదు," అంది డెబ్రా.

"నేను చేస్తాను," అంది నా నోరు. అది ఎప్పుడూ నాకంటే ఓ నిమిషం ముందు నడుస్తుంది.

"నీకు వచ్చా?"

"ఓ. బ్రహ్మాండంగా."

ఏ స్నేహితుడి ఇంట్లోనో చేసుకోవచ్చు కదా అని మీకు తట్టింది. నాకు తట్టలేదు. నాకు తట్టిందల్లా ఆ సలాడ్ చేసే వీడియో చూశాక ఒకటే. చికెన్ ఉడకబెట్టడమే, పోపు లేదు, మసాలా లేదు, వేపుడు లేదు. చల్లగా తినే వంటకం. అంటే వాసన లేని పాపం. వాసన రానిదాన్ని ఆంటీ ఎలా కనిపెడుతుంది?

గురువారం సాయంత్రం ఆంటీ, అంకుల్ మర్నాటి పూజకి తమలపాకులు, పూలు కొనడానికి వెళ్లారు. తిరిగి రావడానికి రెండు గంటలు. టీ కోసం కొనుక్కున్న కరెంటు పొయ్యి బేస్‌మెంట్ సింకు పక్కన పెట్టి, చికెన్ కడిగాను. వీడియోలో ఆవిడ ఉత్త నీళ్లతో కడిగింది. నా చేతులు మా అమ్మ చేతులు కదా, నన్ను అడక్కుండానే ఉప్పూ పసుపూ పట్టించేశాయి. ఆవిడ చికెన్ మల్లెపువ్వులా ఉంది. నా చికెన్ మంగళస్నానానికి కూర్చున్న పెళ్లికూతురిలా పచ్చగా మెరుస్తోంది.

ఉడుకు పట్టగానే, వాసన లేని పాపం వాసన మొదలుపెట్టింది. కంగారులో ఓ అగరబత్తి వెలిగించాను. చాలలేదు. ఇంకోటి. చివరికి ప్యాకెట్ మొత్తం వెలిగించి, ఆ పొగలో దగ్గుకుంటూ చికెన్ పీచులు తీశాను. సెలరీ కాడలు సన్నగా తరిగి, పీకాన్ గింజల పలుకులు, ఎర్ర ద్రాక్షపళ్ల ముక్కలు, తీపి దోసకాయ ఊరగాయ వేసి, మయొనీజ్ కుమ్మరించాను. పచ్చదనం పోయేదాకా కుమ్మరించాను. రుచి చూస్తే జ్వరం వచ్చినవాడి పథ్యంలా ఉంది. పోపు గరిట వైపు పోతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

అంతా కలిపాక చూస్తే తెల్లగా, ముద్దగా, మధ్య మధ్య పచ్చటి ముక్కలు, ఎర్రటి ముక్కలు, జీడిపప్పు లాంటి పలుకులు. దూరం నుంచి చూస్తే అచ్చం దద్దోజనం. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక దాచడం. మన ఇళ్లలో పెరుగు అయిపోయాకే పెరుగు డబ్బాకి అసలు జీవితం మొదలవుతుంది. ఆంటీ ఇంట్లో అవి పాతిక దాకా ఉండేవి. ఒకదాంట్లో ఇడ్లీ పిండి, ఒకదాంట్లో కందిపొడి, ఒకదాంట్లో సూదీదారం, ఒకదాంట్లో అంకుల్ బీపీ మాత్రలు. అన్నీ ఒకే సైజు, ఒకే తెల్ల మూత. అలాంటి డబ్బా ఒకటి తీసి, సలాడ్ సర్ది, బేస్‌మెంట్‌లో ఉన్న రెండో ఫ్రిజ్‌లో కింది అరలో కొబ్బరికాయల వెనక పెట్టాను. పైన ఫ్రిజ్ నిండితే ఆంటీ సామాను కిందికే దిగుతుందని నాకు తెలుసు. తెలిసీ పెట్టాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో పెరుగు డబ్బా ఎదురుగానే ఉంది. కొబ్బరికాయల వెనక కదా పెట్టింది, ముందుకెలా వచ్చింది అని అనుమానం రావాలి. వచ్చింది కూడా. కానీ అప్పుడే మెట్ల మీద ఆంటీ గాజుల చప్పుడు. డబ్బాని సంచిలో వేసుకుని వెనక తలుపులోంచి జారుకున్నాను.

"శేఖర్, పన్నెండింటికి నైవేద్యం. నీకు ప్రసాదం తీసి ఉంచుతాలే," అంది వెనక నుంచి ఆంటీ.

"సరే ఆంటీ," అన్నాను సంచిని గుండెకి హత్తుకుని.

పదకొండు దాటాక ఆఫీసులో అన్ని వంటకాల మధ్య నా డబ్బా పెట్టి, డెబ్రా చూస్తుండగా సగర్వంగా మూత తీశాను.

కరివేపాకు నా వైపు చూసింది. దాని పక్కన ఆవాలు, అల్లం ముక్కలు, దానిమ్మ గింజలు.

దద్దోజనం ఇక్కడుంది. అంటే చికెన్ అక్కడుంది. ఆంటీ దేవుడి గదికి పదమూడు మెట్ల కింద.

డెబ్రా అప్పటికే ఓ గరిటెడు ప్లేట్లో వేసుకుంది. ఇక ఆ డబ్బా వెనక్కి తీసుకెళ్లినా దేవుడికి పనికిరాదు.

"ఇందులో అన్నం ఉందేంటి? ఇది మా దక్షిణాది సలాడేనా?" అంది.

"దక్షిణాదిదే డెబ్రా. మరికాస్త దక్షిణం," అన్నాను. "నేను అర్జంటుగా ఇంటికి వెళ్లాలి."

"ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"ఇంకా బాగానే ఉన్నారు," అని పార్కింగ్ లాట్‌కి పరిగెత్తాను.

కారులోంచి ఆంటీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పూజలో ఫోన్ ఎవరెత్తుతారు? అంకుల్‌కి చేశాను. నాలుగో రింగుకి ఎత్తారు.

"అంకుల్, కింద ఫ్రిజ్‌లో ఒక పెరుగు డబ్బా ఉంటుంది."

"ఏ డబ్బా?"

"పెరుగు డబ్బా అంకుల్."

"ఈ ఇంట్లో అన్నీ పెరుగు డబ్బాలే కదయ్యా."

"కింది అరలోది. దాన్ని మాత్రం ఆంటీ ముట్టుకోకుండా చూడండి. ప్లీజ్."

"నేను ఏ డబ్బానూ చూడలేదు. అసలు కిందికే వెళ్లలేదు. ఎందుకూ?"

"అది పాడైపోయింది అంకుల్."

"లేదే, బాగానే..." అని ఆగిపోయారు. "అంటే, ఫ్రిజ్‌లో ఉన్నది ఎందుకు పాడవుతుంది, బాగానే ఉంటుందిలే అంటున్నా. ఇదిగో, ఎవరో బెల్ కొట్టారు." ఫోన్ పెట్టేశారు.

బుర్ర ఉన్నవాడైతే అక్కడే సగం కథ అర్థం చేసుకునేవాడు. నా బుర్ర అప్పటికే హైవే మీద నాకంటే పది మైళ్లు ముందుంది. పదకొండూ ఇరవై. 287 నంబరు రోడ్డు మీద రిపేర్లు జరుగుతున్నాయి, రెండు లేన్లు మూసేశారు. ముందు ఓ ట్రక్కు, దాని వెనక పెళ్లి ఊరేగింపులా నేను. కళ్ల ముందు ఒకటే దృశ్యం. పట్టుచీరల్లో పేరంటాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు, ఆంటీ ఒక్కొక్కరి దోసిట్లో ఒక్కో గరిటె వేస్తోంది, వాళ్లు కళ్లకద్దుకుంటున్నారు. ఉద్యోగం లేనప్పుడు అన్నం పెట్టిన మనిషికి నేను పెడుతున్నదేమిటి?

పదకొండూ నలభై. ట్రక్కు పక్కకి తప్పుకుంది. "అమ్మా, నువ్వు ఒక్క పది నిమిషాలు ఆలస్యంగా ఆరగించు," అని స్టీరింగ్‌కి దణ్ణం పెట్టాను.

పదకొండూ యాభై ఎనిమిదికి ఇల్లు చేరాను. గుమ్మంలో పది జతల చెప్పులు. నావి ఏ చెట్టు మీద పడ్డాయో చూడకుండా లోపలికి దూసుకెళ్లాను. హాల్లో పేరంటాళ్లు, దేవి ముందు దీపాలు, ఆంటీ చేతిలో వెండి గిన్నె. పక్కన, తెల్ల మూతతో, పెరుగు డబ్బా. ఆంటీ మూత మీద చెయ్యి వేసింది.

"ఆంటీ, ఆగండి."

అందరూ తిరిగి చూశారు. టక్ చేసుకున్న చొక్కా, మెడలో ఆఫీసు బ్యాడ్జి, చెమటలు.

"ఆ డబ్బా తెరవకండి."

"తెరవకుండా నైవేద్యం ఎలా పెట్టను బాబూ?" అని ఆంటీ మూత తీసింది.

కళ్లు మూసుకున్నాను. ఆవాల పోపు వాసన. కళ్లు తెరిచాను. కరివేపాకు. దానిమ్మ గింజలు. అప్పుడే కలిపిన తాజా దద్దోజనం.

"పొద్దున ఒక డబ్బా ఎత్తుకుపోయావు, ఇది రెండోది. దద్దోజనం అంటే అంత ఇష్టమైతే నోటితో అడగొచ్చుగా," అంది ఆంటీ. పేరంటాళ్లు గాజులు గలగలలాడేలా నవ్వారు. ఓ మూల సోఫాలో అంకుల్ మాత్రం నవ్వలేదు. పేపర్ ఇంకాస్త పైకి ఎత్తుకున్నారు.

అందరూ వెళ్లాక వంటింట్లో నా విచారణ మొదలైంది.

"నిన్న కింద ఎన్ని అగరబత్తులు వెలిగించావు?"

"ఒక... ప్యాకెట్ ఆంటీ."

"నీకంత భక్తి ఉంటే ఏడాదిన్నరలో ఒక్కసారైనా బయటపడేది. పొద్దున ఎనిమిదింటికి ఫ్రిజ్ తెరిస్తే, తెల్లారకముందే కలిపి పెట్టిన నా దద్దోజనం డబ్బా లేదు, ఇంకోటి ఉంది. మూత తీశాను, పెట్టాను. మళ్లీ తలస్నానం చేసి, మళ్లీ మడి కట్టుకుని, మళ్లీ అన్నం వండాను."

"తప్పయింది ఆంటీ. గది ఖాళీ చేస్తాను."

ఆంటీ ప్లేట్లో దద్దోజనం పెట్టి నా ముందుకి తోసింది. "ఖాళీ చేసి ఎక్కడికెళ్తావు? ఎవరింట్లో ఏ దేవుడికి ఏం పెడతావో. నా కళ్ల ముందే ఉండు. తిను."

రెండు ముద్దలు మింగాక అడిగాను. "మరి నా డబ్బా ఏమైంది?"

"మీ అంకుల్‌కి ఇచ్చి చెత్తలో పారేయమన్నాను."

హాల్లోంచి అంకుల్ గొంతు వినపడింది. "పారేశాను."

"పారేశారు," అంది ఆంటీ. "గరాజ్‌లో కుర్చీ వేసుకుని, చెంచాతో. ముప్పై ఏళ్లుగా ఈయన నీచు పారేసే పద్ధతి అదే. నాకు తెలీదనుకుంటారు."

పేపర్ నెమ్మదిగా కిందికి దిగింది. "గరాజ్ గడపకి అవతల కదా సుశీలా," అన్నారు అంకుల్. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఉప్పు సరిపోయిందయ్యా. మిరియాలు కాస్త పడాలి."

అప్పుడే డెబ్రా నుంచి మెసేజ్ వచ్చింది. డబ్బా ఖాళీ అయిందట. అచ్చం వాళ్లమ్మ చేసినట్టు మాత్రం లేదట, కానీ ఎలా చేయాలో రాసి పంపమంది. ఆంటీకి చదివి వినిపిస్తే, నవ్వు ఆపుకుంటూ, "అల్లం ఎక్కువ వేయొద్దని రాయి," అంది.

ఆ సాయంత్రం దేవి పటం ముందు నిలబడి కర్పూరం సాక్షిగా ప్రమాణం చేశాను: మూత తీసి లోపల ఉన్నదాన్ని కళ్లారా చూసి, ముక్కారా వాసన చూసి గానీ ఏ పెరుగు డబ్బానూ ఈ జన్మలో కదిలించను, ఈ గడప లోపల పొయ్యి మీద కోడి ఈకంత కూడా ఉడికించను. ఆంటీ తలూపింది. అంకుల్ పక్కన నిలబడి ప్రమాణం మొత్తం శ్రద్ధగా విని, అందులో గరాజ్ ప్రస్తావన లేదని నిర్ధారించుకుని, నా భుజం తట్టి, "మీ ఆఫీసులో మళ్లీ పాట్‌లక్ ఎప్పుడయ్యా?" అని అడిగారు.