త్రూ అన్న మాట, నాయన నాడె

నిన్న ఒక హోటల్లో గోడకు అలంకారంగా తగిలించిన నాడె కనబడింది. మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చిన్న పడవలాంటి కొయ్య. తాకితే అదే నునుపు. ఎమ్మిగనూరులోని మా ఇల్లు కళ్లముందుకొచ్చింది.

మనిద్దరికీ ఏడో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన సారు గుర్తున్నారా? ‘త్రూ’ అన్న మాటతో నాలుగు వాక్యాలు, నాలుగూ వేర్వేరు అర్థాలతో రాసుకురమ్మన్నారు. ఒక్కటీ తోచక, రాట్నం ముందు నాయన నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ ఏడ్చాను. ఏడుతో నా చదువు చాలని, ఆపైన ఆ రాట్నమే నా పనని ఇంట్లో అప్పటికే అనుకున్నారు.

నాయన మగ్గం ఆపాడు. “ఆ మాటకు అర్థమేందమ్మా?”

“ఈ పక్క దూరి ఆ పక్కకు పోవడమంట.”

“ఇదే గదా!” అంటూ పోగుల మధ్యకు నాడె విసిరాడు. “రాసుకో.”

“మొదట్నుంచి కడదాకా అని కూడా అంట.”

“పొద్దంతా నేస్తాండా గదా, రాసుకో.”

“ఒకరి ద్వారా అంటే?”

“సేటు ద్వారానే గదా మన సీరలు ఆదోనికి పోయేది.”

“గట్టెక్కడం?”

“పోయిన కరువు నుంచి గట్టెక్కలేదా మనం?”

నాలుగూ అయ్యాక మెల్లగా అడిగాడు. “ఇట్లాంటి మాటలు ఇంకా ఉండాయా?”

“శానా ఉండాయంట నాయనా. ఎనిమిదిలో సెప్తారంట.”

నాయన నా చేతిలోని కండె తీసుకున్నాడు.

“రేపట్నించి ఇవి నేనే సుట్టుకుంటా.”

అట్లా చేస్తే నేత సగానికి పడిపోతుందని నాకూ తెలుసు.

“నువ్వు ఎనిమిదికి పో.”